నగరపాలక సంస్థ ఈతకొలను, షటిల్ కోర్టు, వేసవి శిబిరం: ఫీజు ఎంత, ఎందుకంత? తరచుగా అడిగే ప్రశ్నలు

మున్సిపల్ క్రీడా విభాగంలో ఫైలు తయారుచేసే ఉద్యోగులు, దానిపై ఓటేసే కార్పొరేటర్లు, కాలనీ సంఘాలవాళ్లు, పిల్లల్ని శిబిరానికి పంపే తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులివి. లెక్కల్లో వాడిన జీతాలు, రేట్లు పద్ధతి చూపడానికి తీసుకున్న ఉదాహరణలు. మీ ఊరి అంకెలు పెట్టుకుని మళ్లీ లెక్క కట్టాలి.

ఇంటిపన్ను కడుతూనే ఉన్నాం. మళ్లీ ఈ ఫీజు ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. పార్కులు, తోటలు, ఆటస్థలాలు పురపాలికలకు అప్పగించదగిన బాధ్యతలని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు చెబుతోంది. 74వ సవరణతో వచ్చిన 18 అంశాల జాబితాలో ఇది పన్నెండోది. కాబట్టి కాలనీ పార్కు, ఖాళీ మైదానం, నడకదారి లాంటివాటి ఖర్చు పన్నుల నుంచే రావాలి. ఈతకొలను సంగతి వేరు. ఒక బ్యాచ్‌లో 50 మంది దిగితే 51వ మనిషికి చోటుండదు. నగరంలో లక్షలమంది కట్టిన పన్నుతో నడిచే కొలనులో నెలకు మూడొందలమంది ఈదుతుంటే, వాళ్లు ఖర్చులో కొంత పంచుకోవడం సబబు. ఎంత అన్నదే ప్రశ్న. మిగతాది నగరం భరిస్తోందన్న సంగతిని దాచకుండా కాగితం మీద పెట్టాలి.

ఫీజు ఎవరు నిర్ణయిస్తారు?

ముందు ఆ స్థలం ఎవరిదో చూడండి. విజయవాడ గాంధీనగర్‌లోని సర్ విజ్జీ ఈతకొలను, విశాఖ బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఆయా నగరపాలక సంస్థలవి. హైదరాబాద్ ఇందిరా పార్కు నగరపాలక సంస్థది. లుంబినీ, సంజీవయ్య పార్కులు మహానగర అభివృద్ధి సంస్థవి. కేబీఆర్ పార్కు అటవీశాఖది. ఎల్బీ స్టేడియం రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ చేతిలో ఉంది. కార్పొరేషన్ కౌన్సిల్‌లో తీర్మానం చేసి కేబీఆర్ టికెట్టు తగ్గించలేరు. ఫిర్యాదు తప్పు ఆఫీసుకు వెళ్లి నెలలు గడిచిపోయేది ఎక్కువగా ఇక్కడే.

నగరపాలక సంస్థ ఆస్తయితే క్రీడా విభాగం ప్రతిపాదన తయారుచేస్తుంది. అకౌంట్స్ విభాగం సరిచూస్తుంది. కమిషనర్ దాన్ని స్టాండింగ్ కమిటీ ముందు, అవసరాన్నిబట్టి కౌన్సిల్ ముందు పెడతారు. ఎన్నికైన పాలకవర్గం లేని కాలంలో ప్రత్యేకాధికారి ఆమోదం కావాలి. తీర్మానం నంబరు లేని ఫీజు బోర్డు కనబడితే ఎవరైనా ప్రశ్నించవచ్చు.

అయిన ఖర్చుకు మించి ఫీజు వసూలు చేయొచ్చా?

ఫీజుకూ పన్నుకూ తేడా ఇక్కడే ఉంది. ఫీజు కట్టినవాడికి దానికి తగిన సేవ అందాలి. శిరూరు మఠం కేసులో 1954లో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది. అయితే పైసాకు పైసా సరిపోవాలని లేదు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ కమిటీల ఫీజు మీద నడిచిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో అదే కోర్టు, వసూలుకూ సేవకూ మధ్య స్థూలమైన పొంతన ఉంటే చాలంది. ఆచరణలో దీని అర్థం: కొలను మీద కాస్త మిగిలితే తప్పులేదు. కొలను ఫీజుతో రోడ్లు వేద్దామనుకుంటే మాత్రం నిలవదు. వసూలు చేసే అధికారం ఏ చట్టంలో ఏ సెక్షన్ కింద ఉందో ప్రతిపాదన మొదటి పేజీలోనే రాయండి. దాన్ని రాయని ఫైళ్లు ఆడిట్‌లో ఇరుక్కుంటాయి.

ఏది ఉచితంగా ఉండాలి? ఏది పూర్తి ఖర్చు రాబట్టాలి?

మెట్ల మాదిరిగా ఊహించుకోండి. అందరికీ మేలు చేసేవి అడుగు మెట్టు: నడకదారి, ఓపెన్ జిమ్, పిల్లల ఉయ్యాలలు, పార్కులో ఉదయపు యోగా. వీటికి ఫీజు పెడితే వసూలు చేసే మనిషి జీతానికే ఆ డబ్బు సరిపోతుంది.

రెండో మెట్టు మీద పిల్లలకు మొదటిసారి ఆట నేర్పేవి ఉంటాయి. వేసవి శిబిరం, ఈత నేర్పే తొలి నెల ఇందులోకి వస్తాయి. చెరువులు, కాలువలు, వ్యవసాయ బావులున్న ప్రాంతంలో పిల్లవాడికి ఈత రావడం ఆ కుటుంబానికి మాత్రమే దక్కే లాభం కాదు. వీటికి ఖర్చులో నాలుగోవంతు రాబడితే చాలని మా అభిప్రాయం.

ఆపైది ఈత వచ్చిన పెద్దవాళ్ల నెలవారీ సభ్యత్వం, షటిల్ కోర్టు, జిమ్: ఖర్చులో సగం నుంచి మొత్తం వరకు. కంపెనీల టోర్నమెంటుకు మైదానం, షూటింగుకు పార్కు, వ్యక్తిగత కోచింగ్ అన్నిటికంటే పై మెట్టు. వీటికి పూర్తి ఖర్చుతోపాటు మార్కెట్ రేటు అడగాలి. ఏ కార్యక్రమం ఏ మెట్టు మీదుందో కౌన్సిల్ ముందే తేల్చేస్తే, తర్వాత ఫీజు మీద గొడవ సగం తగ్గుతుంది.

ఈతకొలను ఖర్చు ఎలా లెక్కకట్టాలి?

25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న కొలను తీసుకుందాం. నీరు సుమారు 4.37 లక్షల లీటర్లు. ఆరు గంటలకోసారి మొత్తం నీరు ఫిల్టరు గుండా తిరగాలంటే పంపు గంటకు 73 వేల లీటర్లు తోడాలి.

జీతాల దగ్గర మొదలుపెట్టండి. రెండు షిఫ్టులకు నలుగురు లైఫ్‌గార్డులు, తలా 18,000 చొప్పున 72,000. ఇద్దరు కోచ్‌లకు 44,000. ఇద్దరు పంపు ఆపరేటర్లకు 34,000. వాచ్‌మన్, పారిశుద్ధ్య సిబ్బంది ముగ్గురికి 45,000. మొత్తం నెలకు 1,95,000 రూపాయలు. ఇది చేతికందే జీతం కాదు, సంస్థకు పడే ఖర్చు. అవుట్‌సోర్సింగ్ అయితే యజమాని వాటా పీఎఫ్ 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం, ఏజెన్సీ కమీషన్ ఇందులో కలవాలి. వీటిని మరిచిపోతే జీతాల పద్దు ఒక్కటే ఐదోవంతు దాకా తగ్గి కనిపిస్తుంది.

కరెంటు: 10 హెచ్‌పీ మోటారు రోజుకు 12 గంటలు నడిస్తే 90 యూనిట్లు. లైట్లతో కలిపి నెలకు 3,000 యూనిట్లనుకుంటే, యూనిట్ 10 రూపాయల చొప్పున 30,000. మీటరు ఏ కేటగిరీలో ఉందో బిల్లు తీసి చూడండి. స్టేడియం మొత్తానికి ఒకే మీటరుంటే కొలనుకు సబ్‌మీటరు పెట్టించనిదే ఈ అంకె ఊహే.

నీరు: ఎండాకాలంలో రోజుకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 1,900 నుంచి 2,500 లీటర్లు పోతుంది. నీటిని ఎదురు దిశలో పంపి ఫిల్టరును కడిగిన ప్రతిసారీ ఐదారు వేల లీటర్లు పోతుంది. ట్యాంకర్లయితే నెలకు 15,000 పెట్టుకోండి.

రసాయనాలకు 20,000. ఈ కొలనులో క్లోరిన్ స్థాయిని లీటరుకు ఒక్క మిల్లీగ్రాము పెంచడానికే 33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 1.3 కిలోలు కావాలి. ఎండ నేరుగా పడే కొలనులో క్లోరిన్ మధ్యాహ్నానికల్లా విరిగిపోతుంది. జనం ఎక్కువైతే చెమట, నూనెలతో కలిసి ఇంకా తరుగుతుంది. అందుకే మే నెల రసాయన బిల్లు జనవరి బిల్లుకు రెండింతలు దాటినా ఆశ్చర్యం లేదు. చిన్న మరమ్మతులకు మరో 15,000.

ఇప్పటికి నెలకు 2,75,000. చాలా ఫైళ్లు ఇక్కడితో ఆగిపోతాయి. ఆగకూడదు. ఫిల్టరు ఇసుక కొన్నేళ్లకోసారి మార్చాలి. మోటారు కాలుతుంది, రీవైండింగ్ చేయించాలి. టైల్స్ ఊడతాయి. వీటికోసం నెలకు 25,000 పక్కన పెడితే మొత్తం 3,00,000, ఏడాదికి 36 లక్షలు. ఈ నిధి లేని కొలనులు ప్రారంభోత్సవం జరిగిన మూడు నాలుగేళ్లకు మోటారు పోయి, గేటుకు తాళం పడి, అడుగున నాచుతో నిలిచిపోతాయి. పిల్లలకు చవగ్గా ఇద్దామన్న మంచి ఉద్దేశంతో పెట్టిన తక్కువ ఫీజే చివరికి వాళ్లకు కొలను లేకుండా చేస్తుంది.

36 లక్షల్ని ఎంతమందితో భాగించాలి?

అతిపెద్ద పొరపాటు జరిగేది ఇక్కడే. రోజుకు ఆరు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు 50 మంది అంటే 300 మంది. పన్నెండు నెలలకు 3,600 నెలసరి సభ్యత్వాలు. భాగిస్తే తలకు సరిగ్గా వెయ్యి వస్తుంది. చూడ్డానికి చక్కటి అంకె, కానీ తప్పు.

మన దగ్గర కొలను నిండేది మార్చి నుంచి జూన్ వరకే. ఆ నాలుగు నెలలకు 1,200 సభ్యత్వాలు. వానలు మొదలయ్యాక, చలికాలంలో సగటున 35 శాతమే నిండుతుందనుకుంటే మిగతా ఎనిమిది నెలలకు 840. మొత్తం 2,040. ఇప్పుడు తలసరి ఖర్చు 1,765 రూపాయలు. జీతాలు, పంపు మాత్రం జనం లేని నెలల్లోనూ ఆగవు. నీరు తిరగకపోతే వారంలో పచ్చబడుతుంది. మీ కొలను గత మూడేళ్ల హాజరు పుస్తకం నుంచి నెలవారీ అంకెలు తీయకుండా ఫీజు రాయకండి.

కౌన్సిల్ 60 శాతం ఖర్చు రాబట్టాలని నిర్ణయించిందనుకోండి. తలసరి 1,059 కావాలి. సభ్యుల్లో 30 శాతం మందికి సగం రాయితీ ఇస్తే సగటు వసూలు పూర్తి ఫీజులో 85 శాతమే. అందువల్ల పూర్తి ఫీజు 1,246 అవ్వాలి. దీన్ని రెండు ధరలుగా విడదీయవచ్చు: వేసవిలో 1,400, మిగతా నెలల్లో 1,000. ఏడాది వసూలు 21.42 లక్షలు అవుతుంది. లక్ష్యం 21.6 లక్షలు. పద్దెనిమిది వేల తేడా భరించదగినదే. వేసవి కాని నెలల్లో ధర తగ్గడంవల్ల అదనంగా చేరేవాళ్లతో అది పూడే అవకాశమూ ఉంది. మిగిలిన 14.4 లక్షలు నగరం ఇస్తున్న సబ్సిడీ అని తీర్మానంలో అంకెతో సహా రాయాలి.

పక్క నగరం ఫీజో, ప్రైవేటు క్లబ్బు ఫీజులో సగమో పెట్టేస్తే పోదా?

పోల్చి చూడండి, కాపీ కొట్టకండి. పక్క నగరంలో లైఫ్‌గార్డులు శాశ్వత ఉద్యోగులైతే వాళ్ల జీతం వేరే పద్దులో పడి కొలను ఖర్చు తక్కువగా కనబడుతుంది. ప్రైవేటు క్లబ్బు ధరలో స్థలం అద్దె, లాభం ఉంటాయి. మీ అంకె ప్రైవేటు ధరను దాటిపోతే మాత్రం ఎక్కడో వృథా ఉందన్నమాట. దాన్ని వెతకండి.

వేసవి శిబిరాలకు నామమాత్రపు ఫీజు ఎందుకు? పూర్తిగా ఉచితం చేయొచ్చు కదా?

చేయొచ్చు. కానీ ఉచితమైతే నాలుగు ఆటలకు పేరిచ్చి ఒకదానికీ రానివాళ్లు పెరుగుతారు. కోచ్ 30 మందికి సిద్ధమైతే 12 మంది వస్తారు. చోటు లేదని వెనక్కి వెళ్లినవాళ్లకు ఆ అవకాశం పోతుంది. చిన్న రిజిస్ట్రేషన్ రుసుము పెట్టేది ఆదాయం కోసం కాదు, హాజరు కోసం.

అయితే అసలు భారం రుసుములో లేదు, సామగ్రిలో ఉంది. స్కేటింగ్‌కు పేరివ్వడానికి యాభై రూపాయలే అడిగినా, స్కేట్లు, హెల్మెట్, మోకాలి ప్యాడ్లు తల్లిదండ్రులే కొనాలంటే ఆ శిబిరం బస్తీ పిల్లలకు మూసేసినట్టే. ఈతకు కాస్ట్యూమ్, టోపీ, షటిల్‌కు రాకెట్ కూడా అంతే. రుసుము ఇంకో పది తగ్గించే బదులు శిబిరం సొంతంగా 15 జతల స్కేట్లు వేర్వేరు సైజుల్లో కొని బ్యాచ్‌ల వారీగా ఇస్తే ఎక్కువమంది పిల్లలు ఆడతారు. నేర్చుకునే పిల్లలకు ఈక షటిల్స్ కాకుండా నైలాన్‌వి వాడండి. ఎక్కువ రోజులు మన్నుతాయి.

ఖర్చు అంచనాలో కోచ్ గౌరవ వేతనం, సామగ్రి, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, ముగింపు సర్టిఫికెట్లు ఉండాలి. గౌరవ వేతనం శిబిరం అయిపోయి నెలలు గడిచినా అందకపోతే మరుసటి ఏడాది మంచి కోచ్ రాడు. అందుకే డబ్బు మంజూరు ఏప్రిల్‌కు ముందే అవ్వాలి.

షటిల్ కోర్టుకు నెల ఫీజా, గంట ఫీజా?

రెండూ ఉండాలి. నెల సభ్యత్వాలకే అన్ని వేళలూ ఇచ్చేస్తే ఉదయం 6 నుంచి 8, సాయంత్రం 6 నుంచి 9 ఒకే గుంపు చేతిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కొత్తవాళ్లకు దారి ఉండదు. రద్దీ వేళల్లో కనీసం మూడోవంతు స్లాట్లను గంటల లెక్కన, ఒకరికి వారానికి రెండుకు మించకుండా ఉంచండి. మధ్యాహ్నం ఖాళీగా ఉండే కోర్టుకు సగం ధర పెట్టండి. ప్రభుత్వ పాఠశాలల జట్లకు ఆ వేళ ఉచితంగా ఇచ్చినా అదనపు ఖర్చు లైట్లకే.

రాయితీ ఎవరికి, ఏ కాగితం చూసి?

కొత్త ధ్రువపత్రం అడగొద్దు. ఇంట్లో ఇప్పటికే ఉన్నదాన్నే ఒప్పుకోవాలి: ఆంధ్రప్రదేశ్‌లో రైస్ కార్డు, తెలంగాణలో ఆహార భద్రత కార్డు, ప్రభుత్వ పాఠశాల గుర్తింపు కార్డు, వికలాంగులకు సదరం (వైకల్య నిర్ధారణ) ధ్రువపత్రం లేదా యూడీఐడీ (వికలాంగుల జాతీయ గుర్తింపు) కార్డు. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిప్పితే కూలికి వెళ్లే తల్లికి ఒకరోజు సంపాదన పోతుంది. రాయితీ విలువ అంతకంటే తక్కువే ఉండొచ్చు. వికలాంగులు క్రీడల్లో పాల్గొనేలా చూడాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వాలకు బాధ్యత పెట్టింది. వాళ్లతో వచ్చే సహాయకుడికి టికెట్టు అడగకండి.

రాయితీ సీట్లను అందరికీ ఉన్న బ్యాచ్‌లలోనే కలపాలి. పేదపిల్లలకంటూ మిట్టమధ్యాహ్నం విడి బ్యాచ్ పెట్టడం మాకు నచ్చని పద్ధతి. పిల్లలకు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

నగరం బయటివాళ్లకు ఎక్కువ ఫీజు పెట్టొచ్చా?

పన్ను కట్టేది నగరవాసులే కాబట్టి సబ్సిడీ భాగం వాళ్లకే అనడం సమంజసం. కానీ అద్దెకుండేవాళ్లను, హాస్టల్ విద్యార్థులను బయటివాళ్లుగా చూడకండి. ఇంటిపన్ను రసీదు అడిగితే అద్దెదారులంతా పోతారు. ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంటుంది. కరెంటు బిల్లో, అద్దె ఒప్పందమో, కాలేజీ కార్డో చాలు. పిల్లలకు ఈ తేడా అసలు పెట్టకపోవడం మేలు.

కాంట్రాక్టరుకు అప్పగిస్తే ఫీజు ఎవరి చేతిలో ఉంటుంది?

ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నదాన్నిబట్టి. ఎక్కువ అద్దె ఇస్తానన్నవాడికే టెండరు ఇస్తే ఆ అద్దెను అతను మీ పిల్లల నుంచే రాబడతాడు. గరిష్ఠ ఫీజు, రాయితీ సీట్ల సంఖ్య, ప్రజలకు వదలాల్సిన గంటలు ముందే నిర్ణయించి, ఆ షరతుల మీద పోటీ పెట్టాలి. మామూలుగా జరిగే మోసం ఇలా ఉంటుంది: ప్రవేశ ఫీజు బోర్డు మీద ఉన్నట్టే ఉంటుంది, కానీ "కోచింగ్ తీసుకుంటేనే బ్యాచ్" అంటారు. కాస్ట్యూమ్ తమ దగ్గరే కొనాలంటారు. లాకరుకు వేరే డబ్బు అడుగుతారు. ఏ పేరుతో వసూలు చేసినా మొత్తం గరిష్ఠ ఫీజు దాటకూడదన్న ఒక్క వాక్యం వీటన్నిటినీ కట్టడి చేస్తుంది. క్లోరిన్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) రీడింగులు రోజుకు మూడుసార్లు బోర్డు మీద రాయాలన్న షరతూ పెట్టండి. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. డబ్బు చాలనప్పుడు కాంట్రాక్టరు మొదట కోసేది రసాయనాల ఖర్చే.

వసూలైన డబ్బు ఎక్కడికి వెళ్తుంది?

ప్రత్యేకంగా చెప్పకపోతే సాధారణ నిధిలో కలిసిపోతుంది. తర్వాత కొలను మోటారు కాలితే నలభై వేల రూపాయల కోసం ఫైలు నెలలు తిరుగుతుంది. సరిగ్గా ఏప్రిల్‌లో కొలను మూతపడుతుంది. క్రీడలకు విడి పద్దు పెట్టి, మరమ్మతుల నిధిని అందులోనే ఉంచి, ఫలానా మొత్తం వరకు జోనల్ అధికారి స్థాయిలోనే ఖర్చు చేసేలా తీర్మానంలో రాయించుకోండి.

వసూలు యూపీఐలో జరిగితే మంచిది. నగదు తీసుకునేచోట నంబరు వేసిన రసీదు పుస్తకం, రోజువారీ జమ తప్పనిసరి. నెలకోసారి రసీదుల సంఖ్యను హాజరు పుస్తకంతో సరిచూడండి. హాజరు 280, రసీదులు 190 ఉంటే మిగిలిన 90 మంది ఎవరో తేలాలి.

ఎప్పుడు, ఎంత పెంచాలి?

ఏడేళ్లు ఊరుకుని ఒక్కసారి రెట్టింపు చేస్తే ధర్నా తప్పదు. ఆ ధర్నాతో పెంపు ఆగిపోయి కొలను ఇంకా పాడవుతుంది. ఏటా బడ్జెట్ అంచనాలు వేసేటప్పుడే ఖర్చు లెక్క మళ్లీ కట్టి, కొద్దికొద్దిగా, పది రూపాయలకో యాభైకో సర్దుతూ పెంచండి. కొత్త ధర ఏప్రిల్ 1 నుంచి అయితే ఫిబ్రవరిలోనే కొలను గేటు దగ్గర తెలుగులో నోటీసు ఉండాలి. అందులో పాత ఫీజు, కొత్త ఫీజు, తలసరి ఖర్చు, నగరం భరించేది నాలుగూ రాయండి. ఖర్చు అంకె చూసినవాళ్లు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

కొలను మధ్యలో మూతపడితే డబ్బు తిరిగిస్తారా?

ఇవ్వాలి. నీరు మార్చడానికో, మరమ్మతుకో మూడు రోజులకు మించి మూసేస్తే అన్ని రోజులూ గడువు పొడిగించడం సులువైన పద్ధతి. పదిహేను రోజులు దాటితే అడిగినవాళ్లకు డబ్బే వాపసు ఇవ్వాలి. ఈ నియమం రసీదు వెనుక అచ్చయి ఉండాలి.

జీఎస్టీ పడుతుందా?

పురపాలికల అధికారాలు, బాధ్యతలు చెప్పే రాజ్యాంగం 243డబ్ల్యూ అధికరణ కింద స్థానిక సంస్థ తన బాధ్యతగా తానే చేసే పనులకు మినహాయింపు నోటిఫికేషన్లున్నాయి. కాంట్రాక్టరు తన పేరిట వసూలు చేస్తే, స్టేడియం దుకాణాలు అద్దెకిస్తే లెక్క మారుతుంది. ప్రతి సేవకూ విడిగా పన్ను సలహాదారు రాతపూర్వక అభిప్రాయం ఫైల్లో ఉంచండి.

మామూలు పౌరుడు ఈ లెక్కలు చూడగలడా?

చూడొచ్చు. సమాచార హక్కు చట్టం కింద నాలుగు కాగితాలు అడగండి: ఫీజు ఆమోదించిన తీర్మానం ప్రతి, గత మూడేళ్ల నెలవారీ హాజరు, అదే కాలానికి వసూలు, ఖర్చు పద్దులు, కాంట్రాక్టరుంటే ఒప్పందం ప్రతి. "ఫీజు ఎందుకు పెంచారు?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారాన్నే. "పెంపు ప్రతిపాదన నోట్‌ఫైలు ప్రతి ఇవ్వండి" అని అడగండి. అధికారులు రాసుకున్న అభిప్రాయాలుండే ఫైలు అది. పౌర సమాచార అధికారి 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి.